నాలుగు మిల్లీమీటర్ల కోత

క్యాంపస్ ఇంటర్వ్యూల నుంచి బయటికొచ్చిన ఫైనలియర్ విద్యార్థులను కదిలించి చూడండి. థర్మోడైనమిక్స్‌లో ఒక ప్రశ్న పోయిందని ఎవరూ పెద్దగా బాధపడరు. 'ఆ చాప్టర్ రివిజన్ చేయలేదు సర్' అంటే అక్కడితో అయిపోతుంది. నోరు ఎండిపోయేది మరో ప్రశ్న దగ్గర: 'ఈ ప్రాజెక్టులో మీరు మీ చేత్తో చేసిందేమిటి?' నలుగురి బ్యాచ్‌లో ఒకరు రిపోర్టు టైప్ చేసి ఉంటారు, ఒకరు స్లైడ్లు తయారుచేసి ఉంటారు, మిగిలిన ఇద్దరూ తమ వాటా డబ్బులిచ్చి ఉంటారు. వర్కింగ్ మోడల్ మాత్రం ప్రాజెక్టులు అమ్మే దుకాణం నుంచి ఆటోలో వచ్చి దిగి ఉంటుంది. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో వీ-ఫిట్టింగ్ ముక్కను సీనియర్ దగ్గర తెచ్చుకుని, మీద నంబరు మార్చి సబ్మిట్ చేసిన రోజే ఈ అప్పు మొదలైంది. ఇంటర్వ్యూ బోర్డు ముందు వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది.

దీనికి మేం చెప్పే మందు కొంచెం వింతగా అనిపించొచ్చు. ఒక ప్లాస్టిక్ కారు కిట్ తెచ్చుకోండి. అది కూడా సులువుగా అతుక్కునేది వద్దు, మొండిది కావాలి. దాన్ని డబ్బా మీది ఫొటోలా కాకుండా మీకు నచ్చినట్టు మార్చి కట్టండి.

'ఈ వయసులో కారు బొమ్మలా?' అని ఇంట్లో అంటారు. అననివ్వండి. స్కేల్ మోడల్ కిట్ అంటే అసలు కారును కొలిచి, ఒక్కో భాగాన్నీ 24వ వంతుకో 25వ వంతుకో తగ్గించి, పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌లో పోతపోసిన విడిభాగాలు. ఇంజిను, ఛాసిస్, ఇరుసులు, సీట్లు, డ్యాష్‌బోర్డు, అద్దాలు అన్నీ ప్లాస్టిక్ ఫ్రేములకు అంటుకుని వస్తాయి. మనమే కత్తిరించి, సాపు చేసి, అతికించి, రంగు వేసుకోవాలి. జపాన్‌లోని షిజువోకా నగరంలో ఉన్న టమియా లాంటి కంపెనీల కిట్లలో ముక్కలు ఎంత కచ్చితంగా ఉంటాయంటే, వాటంతటవే వెళ్లి కూర్చున్నట్టుంటుంది. చేయి తిరగడానికి అవి మంచివే. కానీ మనకు కావలసిన చదువు పాత కిట్లలో ఎక్కువ దొరుకుతుంది.

ఉదాహరణకు అమెరికా బ్రాండు ఏఎంటీ వారి 1949 మెర్క్యురీ కూపే. స్కేలు 1/25. ఈ కంపెనీ 1958లోనే త్రీ-ఇన్-వన్ కిట్లు తెచ్చింది. ఒకే డబ్బాలోని భాగాలతో ఫ్యాక్టరీ కారు కట్టొచ్చు, రేసు కారు కట్టొచ్చు, లేదంటే సొంతంగా మార్చుకున్న కస్టమ్ కారు కట్టొచ్చు. మార్చి కట్టడం అన్న ఆలోచన డబ్బాలోనే ఉందన్నమాట. మెర్క్యురీ కిట్ 1960ల నాటిది, ఆ తర్వాత ఎన్నోసార్లు మళ్లీ విడుదలైంది. అచ్చు పాతబడేకొద్దీ దానిలోంచి వచ్చే ముక్కల్లో లోపాలు పెరుగుతాయి.

మెకానికల్, ప్లాస్టిక్స్, ప్రొడక్షన్ విద్యార్థులు ఆ లోపాలను జాగ్రత్తగా చూడాలి. ముక్క అంచున ఉల్లిపొరలా వేలాడే అదనపు ప్లాస్టిక్ ఉంటుంది. దాన్ని ఫ్లాష్ అంటారు. అచ్చు రెండు సగాలూ అరిగి గట్టిగా మూసుకోనప్పుడు ఆ సందులోంచి కరిగిన ప్లాస్టిక్ బయటికి పాకుతుంది. కొన్నిచోట్ల పైభాగం చిన్న గుంటలా లోపలికి లాగేసినట్టుంటుంది. అది సింక్ మార్క్. వెనకవైపు ఏదో దిమ్మో పక్కటెముకలాంటి రిబ్బో ఉండి, అక్కడ ప్లాస్టిక్ మందంగా ఉండటం వల్ల ఆలస్యంగా చల్లారి కుంచించుకుపోతే అలా అవుతుంది. నాణెంలాంటి గుండ్రని గుర్తులు ఎజెక్టర్ పిన్నులు ముక్కను అచ్చులోంచి తోసిన చోట్లు. బాడీ మీద, ఫెండర్ల మీదుగా వెంట్రుకలా సాగే గీత అచ్చు సగాలు కలిసిన పార్టింగ్ లైన్. పుస్తకంలో 'ఇంజెక్షన్ మోల్డింగ్ డిఫెక్ట్స్' అని అయిదు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టినవన్నీ ఇక్కడ వేలికి తగులుతాయి. మీ వేలితో తడిమి, మీ బ్లేడుతో గీకి తీసేసిన లోపం పేరు పరీక్ష అయిపోయాక కూడా గుర్తుంటుంది.

ఇదంతా శుభ్రం చేసే పని. అసలు కస్టమ్ పని దీని తర్వాత మొదలవుతుంది.

1949 నుంచి 1951 వరకు వచ్చిన మెర్క్యురీలంటే కాలిఫోర్నియా కస్టమ్ కార్ల వాళ్లకు ప్రాణం. వాటిలో అందరికీ తెలిసింది హిరోహటా మెర్క్. బాబ్ హిరోహటా అనే యువకుడి 1951 మెర్క్యురీని జార్జ్ బారిస్, శామ్ బారిస్ సోదరుల వర్క్‌షాప్ 1950ల మొదట్లో మార్చింది. పైకప్పును కోసి, ముందువైపు 4 అంగుళాలు, వెనక 7 అంగుళాలు కిందికి దించారు. ఆ కారు 2022 జనవరిలో వేలంలో సుమారు 20 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఇలా కప్పు దించడాన్ని చాప్ టాప్ అంటారు. మెర్క్యురీ కిట్ కట్టేవాళ్లలో చాలామంది చేయాలనుకునేది ఇదే, మధ్యలో వదిలేసేదీ ఇదే.

ఎందుకంత కష్టం? 4 అంగుళాలంటే 101.6 మిల్లీమీటర్లు. 25తో భాగిస్తే 4 మిల్లీమీటర్ల చిల్లర. అంటే కప్పును మోసే పిల్లర్లలోంచి 4 మి.మీ. ముక్క తీసేసి, కప్పును కిందికి దించి అతికించాలి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ముందు అద్దం పక్కన ఉండే పిల్లర్ నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. వెనక పిల్లర్ ముందుకు వాలి ఉంటుంది. కప్పును నేరుగా దించితే పై ముక్క కింది ముక్కతో కలవదు. నిట్టనిలువు నుంచి పిల్లర్ 30 డిగ్రీలు వాలి ఉందనుకోండి. 4ను టాన్ 30తో గుణిస్తే 2.3 మి.మీ. ముందు అంత తేడా, వెనక వాలును బట్టి మరికొంత. ఇంటర్‌లో బట్టీపట్టిన టాన్ 30 విలువ ఎందుకు పనికొస్తుందో తెలియక తిట్టుకున్నవాళ్లకు ఇదిగో ఒక పని.

ఇప్పుడు రెండు దారులున్నాయి. కప్పును మధ్యలో అడ్డంగా కోసి, ఆ సందులో ప్లాస్టిక్ పట్టీ పెట్టి పొడవు పెంచొచ్చు. లేదా పిల్లర్లను మొదలు దగ్గర కొంచెం గాటుపెట్టి, మరింత వాల్చి కలపొచ్చు. మొదటిదానిలో కప్పు వంపు చెడుతుంది, ఆ అతుకును సాపు చేయడానికి రోజులు పడతాయి. రెండోదానిలో అద్దాల ఆకారం మారుతుంది, కారు ముఖమే మారిపోతుంది. ఏది సరైంది? ఇన్‌స్ట్రక్షన్ షీట్‌లో ఈ జవాబు ఉండదు, ఎవరో చెప్పిన జవాబు మీ కారుకు సరిపడకపోవచ్చు. మీరే ఎంచుకోవాలి, ఎంచుకున్నదానికి కారణం చెప్పగలగాలి. ఈ మొత్తం వ్యవహారంలో మేం విలువిచ్చేది ఆ ఒక్క క్షణానికే.

రంపం సంగతీ ఉంది. ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే మామూలు హ్యాక్సా బ్లేడు తన దారిలో దాదాపు మిల్లీమీటరు ప్లాస్టిక్‌ను పొడిచేసి తినేస్తుంది. రెండు కోతలకు రెండు మిల్లీమీటర్లు. తీయాల్సిందే నాలుగైనప్పుడు అందులో సగం రంపానికే పోతుంది. గీతకు ఏ పక్కన కోశారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే అనుభవజ్ఞులు సన్నటి రేజర్ సా వాడతారు, గీతకు కొంచెం ఇవతలే కోసి, మిగతాది ఆకురాయితో అరగదీస్తారు. టూల్ రూముల్లో పనిచేసేవాళ్లు ఈ మాట వింటే నవ్వుకుంటారు, వాళ్లకిది రోజూ ఉండేదే. కానీ క్యాడ్‌లో గీత గీస్తే దానికి మందం ఉండదు. మన విద్యార్థులకు కోతకూ మందం ఉంటుందన్న సంగతి చేతికి తెలియకుండానే డిగ్రీ చేతికొస్తోంది.

కప్పు దించాక పని అయిపోతుందనుకుంటే పొరపాటే. కిట్‌తో వచ్చిన ముందు అద్దం ఇక పట్టదు, పలచటి పారదర్శక షీటు కోసి కొత్తది చేసుకోవాలి. సీటు వీపు కిటికీలోంచి ఎత్తుగా కనిపిస్తుంది, దాన్ని తగ్గించాలి. స్టీరింగ్ చక్రం డ్యాష్‌బోర్డు మీదికి పొడుచుకొచ్చినట్టుంటుంది. సీటు తగ్గించాలంటే నేల అడ్డొస్తుంది. నేల కింద ఛాసిస్, డ్రైవ్ షాఫ్ట్ ఉన్నాయి. ఒక్క కోతకు పది పనులు. నిజమైన కార్ల కంపెనీల్లో ఈ తలనొప్పికి ప్యాకేజింగ్ అని పేరు. మనిషి, ఇంజిను, ఇంధన ట్యాంకు, సామాన్ల చోటు ఒకదాన్నొకటి తోసుకోకుండా ఎలా ఇరికించాలన్నది చూసే ఇంజనీర్లు ప్రత్యేకంగా ఉంటారు. ఆ ఉద్యోగం ఒకటుందని మన కాలేజీల్లో ఎంతమందికి తెలుసు?

అతుకులు నింపే దగ్గర మన నేల మీది పనివాళ్లు గుర్తొస్తారు. బారిస్ సోదరుల కాలంలో అసలు కార్ల అతుకుల్లో సీసం కరిగించి నింపేవారు, అందుకే ఆ కార్లకు లెడ్ స్లెడ్ అన్న ముద్దుపేరు వచ్చింది. మోడల్ కట్టేవాళ్లు పుట్టీ పెడతారు. ఇళ్లకు రంగులేసేవాళ్లయితే లప్పం అంటారు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసేవాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, సందులు పూడుస్తారు. పదార్థం ఏదైనా ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. తొందరపడి రాసేస్తే ఆ రోజు నున్నగా కనిపించి, రంగు వేసిన వారానికి అతుకు గీత మళ్లీ పైకి తేలుతుంది. పలచగా రెండు మూడు పొరలు పెట్టి, ఒక్కోటి పూర్తిగా ఆరాక రుద్దాలి. ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ చేసే మేస్త్రి దగ్గర ఒక ఆదివారం నిలబడితే 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 2000 దాకా ఎందుకు వెళ్లాలో ఆయన చేతిని చూస్తేనే అర్థమవుతుంది. ఆయన్ని 'అన్నా' అని పలకరించి అడగండి, కాదనడు.

రంగు విషయంలో కెమిస్ట్రీ తెలియకపోతే నెల కష్టం నిమిషంలో పోతుంది. స్ప్రే డబ్బాల్లోని ఘాటైన లాకర్ థిన్నర్ పాలీస్టైరీన్‌ను తినేస్తుంది, పైభాగం పగుళ్లు దేరినట్టవుతుంది. కాబట్టి ముందు ప్రైమర్, దాని మీద పలచటి పొరలు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్‌ను ప్లాస్టిక్ దగ్గరికే రానివ్వొద్దు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వాన రోజున లాకర్ కొడితే రంగు పాలిపోయి తెల్లబడుతుంది. ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాల్లోని తేమ దాని మీద నీరుగా చేరుతుంది. మెరిసే క్రోమ్ భాగాల పూతను తీయడానికి బ్లీచ్ సరిపోతుంది, ఎందుకంటే ఆ పూత నిజానికి క్రోమియం కాదు, అతి పలచటి అల్యూమినియం. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. బ్లీచ్‌లో బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం పొరపాటున కూడా కలపొద్దు, విషవాయువు వస్తుంది. రుద్దడం ఎప్పుడూ తడిగానే. పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. హాస్టల్ గది తలుపులు మూసుకుని స్ప్రే చేస్తే రూమ్మేట్లు మీ కారును కిటికీలోంచి విసిరేస్తారు, వాళ్లది తప్పనలేం.

ఇంత చేసినందుకు ఉద్యోగం వస్తుందా? ఒకప్పుడు నేరుగానే వచ్చేది. అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన ఫిషర్ బాడీ విభాగం 1930లో క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ పేరుతో కుర్రాళ్లకు ఒక పోటీ మొదలుపెట్టింది. మొదట రాజుల కాలపు గుర్రపు బండి నమూనా చేయించేవారు. 1937 నుంచి సొంతంగా ఊహించిన కారుకు నమూనా చేయమన్నారు. 1968 దాకా సాగిన ఆ పోటీలో గెలిచినవారికి కాలేజీ స్కాలర్‌షిప్పులిచ్చేవారు. 1947లో 4,000 డాలర్ల స్కాలర్‌షిప్ గెలిచిన చక్ జోర్డాన్ ఎంఐటీలో చదువు ముగించి అదే జనరల్ మోటార్స్‌లో చేరాడు. 1986లో ఆ కంపెనీ డిజైన్ విభాగానికి వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. పోటీ అబ్బాయిలకు మాత్రమే. అన్నేళ్లలో ఎంతమంది అమ్మాయిల చేతులను ఆ కంపెనీ చూడకుండానే వదిలేసుకుందో!

మన దగ్గర అలాంటి పోటీ లేదు. 'కారు మోడల్ చేశాను' అంటే ఆఫర్ లెటర్ ఇచ్చే హెచ్‌ఆర్ కూడా లేరు. సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ ఉద్యోగమే మీ లక్ష్యమైతే ఈ రెండు నెలలూ కోడింగ్‌కు పెట్టడమే మంచిది, మొహమాటం లేకుండా చెబుతున్నాం. అయితే కొన్ని తలుపుల దగ్గర ఈ చేతిపని పలుకుతుంది. ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్ష మెయిన్స్‌లో స్టూడియో టెస్ట్, నిఫ్ట్‌లో సిట్యుయేషన్ టెస్ట్ ఉంటాయి. అక్కడ ఇచ్చిన సామగ్రితో చేత్తో రూపం కట్టి చూపాలి. గాంధీనగర్ ఎన్‌ఐడీలో ట్రాన్స్‌పోర్టేషన్ డిజైన్ పీజీ ఉంది. కార్ల కంపెనీల స్టూడియోల్లో కంప్యూటర్లు వచ్చాక కూడా క్లే మోడలర్ల పని ఆగలేదు, మట్టిలాంటి క్లేతో నిలువెత్తు కారును ఇప్పటికీ చెక్కుతున్నారు. రంగు, మెటీరియల్, ఫినిష్ చూసే సీఎంఎఫ్ డిజైనర్లు వేరే. ఇక అచ్చుల వైపు ఆసక్తి ఉంటే హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. ప్లాస్టిక్స్‌కు సిపెట్ కేంద్రాలు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్నాయి. అక్కడ పదో తరగతి వాళ్లకు డిప్లొమాలే కాదు, బీఎస్సీ వాళ్లకు ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్‌లో పీజీ డిప్లొమా కూడా ఉంటుంది. ఫ్లాష్, సింక్ మార్క్ అన్న మాటలు అక్కడ రోజూ వినిపిస్తాయి.

డబ్బు సంగతి దాచడం అన్యాయం. ఇవి దిగుమతి కిట్లు. కస్టమ్స్ సుంకం, కొరియర్ కలిస్తే నెల మెస్ బిల్లు గుర్తొస్తుంది. రంగులు, ఎయిర్‌బ్రష్ మొదలుపెడితే ఖర్చుకు అంతుండదు. ఎయిర్‌బ్రష్ లేకుండానే మొదటి కారు చేయండి. నలుగురు కలిసి ఒక కిట్ కొన్నా ఫర్వాలేదు. ఎవరో సగం కట్టి వదిలేసింది దొరికితే మరీ మంచిది, పాడైపోతుందన్న భయం ఉండదు. కోత ప్రాక్టీసుకు మొదట పాత ప్లాస్టిక్ డబ్బా మూతలు, విరిగిన బొమ్మ కార్లు వాడుకోండి. నలుగురు కలిసినప్పుడు ఒక్క షరతు: ఎవరి కోత వాళ్లే కోయాలి. లేకపోతే మళ్లీ పాత ప్రాజెక్టు కథే.

రెజ్యుమెలో 'హాబీలు: మోడల్ మేకింగ్' అని రాస్తే దాన్ని క్రికెట్ చూడటం, పాటలు వినడంతో కలిపి చదివేసి పక్కన పెడతారు. ఇలా రాయండి: '1/25 మెర్క్యురీ మోడల్‌లో పైకప్పును 4 మి.మీ. తగ్గించాను, పిల్లర్ వాలు వల్ల వచ్చిన తేడాను కప్పు పొడవు పెంచి సరిచేశాను, ముందు అద్దం కొత్తగా చేశాను.' చదివినవారు 'తేడా ఎందుకొచ్చింది?' అని అడగక మానరు. అప్పుడు కాగితం తీసుకుని త్రిభుజం గీయండి. మొదటి రోజు నుంచీ ఒక నోటుబుక్ పెట్టుకోండి. ఆ రోజు ఏం కొలిచారు, వెర్నియర్‌లో ఎంత వచ్చింది, ఏది విరిగింది, ఎందుకు విరిగింది, తర్వాత ఏం మార్చారు. అక్షరాలు అందంగా లేకపోయినా తేదీలు నిజమైనవి ఉండాలి. పది రోజుల పనిని ఒకే పెన్నుతో ఒకే రాత్రి రాసిన లాగ్‌బుక్‌ను ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు, వాళ్లూ ఒకప్పుడు ల్యాబ్ రికార్డులు రాసినవాళ్లే.

ఫొటోలు ప్రైమర్ కొట్టక ముందే తీయండి. ఎర్ర లాకర్, దాని మీద క్లియర్ కోటు పడ్డాక మీ కారుకూ దుకాణంలో కొన్న కారుకూ తేడా కనిపించదు. తెల్ల ప్లాస్టిక్ మీద బూడిదరంగు పుట్టీ, పిల్లర్ లోపలివైపు బలానికి అతికించిన పట్టీ, వంకరపోయి మళ్లీ సరిచేసిన కోత అప్పుడే కనిపిస్తాయి. మొదటిసారి చెడగొట్టిన కప్పు ఉంటే దాన్ని పారేయకండి. కారుతో పాటు చెప్పుల డబ్బాలో పెట్టి ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి, ముందుగా దాన్నే బల్ల మీద పెట్టండి.